వాక్యంలో అన్ని అక్షరాలూ ఉన్నాయో లేదో చూడ్డానికి ఏ పద్ధతి నేర్పాలి? తెలుగుకి కూడా అదేనా?

ప్రశ్న:
మా చెల్లికి పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష) నేర్పిస్తున్నానండి, పాంగ్రామ్ ప్రాబ్లం దగ్గరున్నాం, అంటే ఇంగ్లీష్ వాక్యం ఇస్తే అందులో ఎ నుంచి జెడ్ దాకా 26 అక్షరాలూ వచ్చాయా లేదా చెప్పాలి. తను ఒక్కో లెటర్‌కీ ఒక ఇఫ్ (ఉందా లేదా అనే షరతు) రాస్తోంది, నేనేమో ఫర్ లూప్ (అదే పనిని అన్ని అక్షరాలకీ వరసగా చేసేది) పెట్టమన్నా. మొదట్నుంచీ ఏది అలవాటు చేయించాలి? ఇదే తెలుగు వాక్యానికి చేద్దామంటోంది, తేడా ఏమైనా ఉంటుందా?

రిప్లై 1:
లూప్ మంచిదే, ముందు అదే రాయించండి. తర్వాత సెట్ (ఒక్కోటీ ఒక్కసారే ఉండే గుంపు) చూపించండి. వాక్యాన్ని లోయర్ కేస్ చేసి సెట్‌లో వేస్తే రిపీట్ అయినవి పోతాయి, ఎ టు జెడ్ సెట్‌లోంచి దాన్ని మైనస్ చేస్తే ఏమీ మిగలకపోతే పాంగ్రామ్, మిగిలితే మిస్సయినవి అవే. ఏది లేదో కళ్ళకి కనపడుతుంది కాబట్టి నేర్చుకునేవాళ్ళకి ఇదే బెస్ట్ అని నా గట్టి నమ్మకం. సెట్ సైజు 26 వచ్చిందా అని మాత్రం చూడొద్దు. 26 అక్షరాలూ ఉన్న 'ద క్విక్ బ్రౌన్ ఫాక్స్ జంప్స్ ఓవర్ ద లేజీ డాగ్' వాక్యంలో జంప్స్ తీసేసి జంప్డ్ అని పెట్టండి, ఎస్ పోతుంది, 25 అక్షరాలే ఉంటాయి, కానీ స్పేస్ కూడా లెక్కలోకొచ్చి సైజు మళ్ళీ 26 చూపిస్తుంది!

రిప్లై 2:
ఇంకోటి చెప్పండి బ్రో, వాక్యంలో ఎ గానీ ఇ గానీ ఉందా అని చూడ్డానికి 'ఎ' ఆర్ 'ఇ' ఇన్ టెక్స్ట్ అని రాస్తే ఎప్పుడూ నిజమే అవుతుంది. ఖాళీ కాని స్ట్రింగ్‌ని (కోట్స్‌లో రాసిన అక్షరాల్ని) పైథాన్ ట్రూ కిందే తీసుకుంటుంది, 'ఎ' దగ్గరే ఆగిపోయి అసలు టెక్స్ట్ వైపు చూడనే చూడదు. ప్రతి అక్షరం పక్కనా ఇన్ టెక్స్ట్ రాయాలి, లేదా ఎనీ (ఏ ఒక్కటైనా నిజమా అని చూసే ఫంక్షన్) వాడాలి.

రిప్లై 3:
తెలుగు దగ్గర చాలా తేడా ఉందండి. తెలుగు అనే మాటకి లెన్ (పొడవు) అడిగితే 6 వస్తుంది, త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అన్నీ విడివిడి కోడ్‌లు కాబట్టి. ఆ గుర్తుల వల్ల ఈజ్ఆల్ఫా (అన్నీ అక్షరాలేనా అని చూసేది) కూడా ఫాల్స్ అంటుంది. ఆ మాటలో ఉ ఉందా అంటే లేదంటుంది, కొమ్ము కోడ్ వేరు, ఉ కోడ్ వేరు. ఇక హల్లులో కలిసుండే అ కి అసలు కోడే ఉండదు. అందుకే అచ్చులు కావాలంటే ఏ గుర్తు ఏ అచ్చుదో చెప్పే డిక్షనరీ (జతల పట్టిక) రాసుకోవాలి. హల్లులైతే సెట్‌తోనే అయిపోతుంది, ఒత్తు కూడా లోపల పొల్లు ప్లస్ అదే హల్లు. క్ష ఒక్కటి లిస్టులో పెట్టకండి, అది క, పొల్లు, ష కలిసి 3 కోడ్‌లు, సెట్‌లో దొరకదు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండి అందరికీ, జంప్డ్ వాక్యం ఇస్తే ఎస్ అని కరెక్ట్‌గా వచ్చింది. ఙ, ఞ లిస్టులో ఉంచాలా మరి?

రిప్లై 3:
మామూలు వాక్యాల్లో అవి దాదాపు కనపడవు, ఉంచితే మామూలు వాక్యాలు చాలావరకు పాసవ్వవు. ముందు అవి తీసేసి చేయించండి, జ్ఞానం లాంటి మాటలు ఇచ్చినప్పుడు ఞ కలపండి.