నిధులు లేని విదేశీ పీహెచ్‌డీ సీటును అప్పు చేసి అందుకోవాలా?

ప్రశ్న: కాకినాడ విద్యార్థిని

బర్మాలోని రంగూన్ రేవుకు వలస వెళ్లిన తెలుగు కూలీల చరిత్రపై పరిశోధన చేయడానికి ఇంగ్లండులోని ఒక విశ్వవిద్యాలయంలో నాకు పీహెచ్‌డీ ప్రవేశం లభించింది. ఉపకార వేతనం మాత్రం రాలేదు. ఫీజు, నివాస ఖర్చులు కలిపి ఏటా సుమారు 30 లక్షల రూపాయలు కావాలని లెక్క తేలింది. మా నాన్నగారు ఇల్లు తనఖా పెట్టి విద్యారుణం తీసుకుందామంటున్నారు. చేరడం మంచిదా, వదులుకోవడం మంచిదా? అనుభవజ్ఞుల అభిప్రాయాలు కోరుతున్నాను.

హైదరాబాద్ చరిత్ర అధ్యాపకుడు

చేరవద్దనే నా అభిప్రాయం. ఏటా 30 లక్షల చొప్పున మూడేళ్లు తీసుకుంటే అసలు 90 లక్షలు అవుతుంది. పది శాతం బారువడ్డీ వేసుకున్నా మూడో ఏడు ముగిసేనాటికి వడ్డీయే 18 లక్షలు పేరుకుంటుంది. సిద్ధాంత గ్రంథం మూడేళ్లలోనే పూర్తవుతుందన్న భరోసా లేదు. ఎంఎస్ చదివి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో అప్పు తీర్చేవారి లెక్క వేరు, చరిత్రలో డాక్టరేటు పొంది అధ్యాపక పోస్టు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసేవారి లెక్క వేరు. అక్కడ పనిచేసి సంపాదించుకోవచ్చని ఏజెంట్లు చెబుతారు గాని, విద్యార్థి వీసాపై చదువు సాగే కాలంలో వారానికి 20 గంటలకు మించి పనిచేయరాదు.

పీహెచ్‌డీని చాలా దేశాలు జీతం ఇచ్చి చేయించే పనిగానే చూస్తున్నాయి. అమెరికాలో సైన్సు, ఇంజినీరింగ్ శాఖలు సాధారణంగా ఫీజు మాఫీ చేసి, బోధనలోనో పరిశోధనలోనో సహాయకులుగా నియమించి నెలసరి భృతి ఇస్తాయి. జర్మనీలో పరిశోధకులను ప్రభుత్వ వేతన శ్రేణిలో ఒప్పంద ఉద్యోగులుగా తీసుకునే విశ్వవిద్యాలయాలు ఎన్నో ఉన్నాయి. బ్రిటన్‌లో ప్రభుత్వ పరిశోధన మండళ్లు 2025-26కు నిర్ణయించిన కనీస భృతి ఏటా 20,780 పౌండ్లు. మీ పక్క బల్ల దగ్గర కూర్చునే పరిశోధకుడు అదే పనికి డబ్బు అందుకుంటూ ఉండగా, మీరు మాత్రం ఇంటిని తాకట్టు పెట్టి ఎందుకు చేయాలి?

లండన్ పరిశోధకురాలు

అధ్యాపకుల వారి హెచ్చరికను గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. ఆయన చెప్పిన అమెరికా, జర్మనీ ఉదాహరణలు ప్రధానంగా ప్రయోగశాలలకు చెందినవి. అమెరికాలో సైతం 2025లో ఫెడరల్ గ్రాంట్లకు కోత పడటంతో కొన్ని శాఖలు ప్రవేశాలనే తగ్గించుకున్నాయి. బ్రిటన్ మండళ్ల భృతికి విదేశీయులు 2021 నుంచి అర్హులే అయినా, వారి వాటా 30 శాతం దాటకూడదన్న పరిమితి ఉంది.

మన దేశం నుంచి అందే సాయమైనా ఈ అంశానికి అందుతుందా? షెడ్యూల్డు కులాలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీల కుటుంబాల కోసం కేంద్రం ఏటా 125 మందికి ఇచ్చే జాతీయ విదేశీ ఉపకార వేతనం నిబంధనల నుంచి భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్రలకు సంబంధించిన అంశాలను 2022లో తొలగించారు. కూలీల చరిత్రను కూలీల పిల్లలే రాయాలనుకుంటే ఆ దారి మూసుకుపోయిందన్న మాట. ఇది నన్ను ఎంతో బాధించిన నిర్ణయం.

అందుచేత నిధులు వస్తేనే కదలాలన్న నియమాన్ని మానవీయ శాస్త్రాలకు వర్తింపజేస్తే, చివరికి సంపన్నుల పిల్లలే చరిత్ర రాస్తారు. జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు 1920లలో హార్వర్డుకు వెళ్లింది మామగారు సమకూర్చిన డబ్బుతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇస్తామన్న సాయంతోనే. ఆ తెగింపు లేకపోతే ఆయన పరిశోధన ఎక్కడిది?

వరంగల్ పాఠకుడు

తెలంగాణ విదేశీ విద్యానిధి పథకాలు 20 లక్షల రూపాయల వరకు ఇస్తున్నాయి. ఈ కేసులో అది ఒక్క ఏడాది ఖర్చుకు కూడా చాలదు. ప్రభుత్వాలు ఎంఎస్‌కు, పీహెచ్‌డీకి ఒకే కొలత వాడటం మానుకోవాలి.

హైదరాబాద్ చరిత్ర అధ్యాపకుడు

2022 నాటి నిబంధన అన్యాయమన్న విషయంలో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే ఆ అన్యాయానికి మూల్యం ఈ అమ్మాయి తల్లిదండ్రుల ఇల్లు కాకూడదు. సుబ్బారావు గారు బోస్టన్‌లో ఆసుపత్రి పనివాడిగా రాత్రులు చాకిరీ చేసి నెట్టుకొచ్చారు. అంతటి కష్టాన్ని ఇంకొకరికి సలహాగా ఇవ్వలేము. అంబేద్కర్ గారి ప్రస్థానాన్ని కూడా చూడండి. 1913లో కొలంబియాకు వెళ్లినప్పుడు బరోడా సంస్థానం నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లకు మంజూరు చేసింది. ఆ ఉపకార వేతనం ముగియడంతో 1917లో లండన్ చదువు ఆపి తిరిగివచ్చారు. బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో పాఠాలు చెప్పి కూడబెట్టుకున్నది, కొల్హాపూర్ మహారాజు సాయం, మిత్రుడి వద్ద చేసిన అప్పు కలుపుకొని 1920లో మళ్లీ లండన్ చేరారు. ఆయన కూడా అప్పు చేశారు, నిజమే. కాని అది లోటు పూడ్చుకోవడానికి చేసిన అప్పు, మొత్తం భారాన్ని మోసిన అప్పు కాదు.

ఇక ఈ అమ్మాయి విషయం. బ్రిటన్‌లో ప్రవేశం ఒక దరఖాస్తు, నిధులు మరొకటి. నిధుల గడువులు చాలాచోట్ల డిసెంబరు, జనవరి నెలల్లోనే ముగుస్తాయి. ప్రవేశాలు ఆ తర్వాతా దొరుకుతాయి. కనుక ఉపకార వేతనం రాకపోవడం ప్రతిసారీ తిరస్కరణ కాదు, ఆలస్యంగా దరఖాస్తు చేసిన ఫలితం కూడా కావచ్చు. అమ్మా, మీరు ముందుగా తెలుసుకోవలసినది అదే.

ఈలోగా నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాసి జేఆర్‌ఎఫ్ (జూనియర్ పరిశోధకుల భృతి) తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయలతో ఇక్కడే పరిశోధన మొదలుపెట్టవచ్చు. ఆ తరువాత బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు (వలస పాలనలో భారత వ్యవహారాలు చూసిన బ్రిటిష్ శాఖ) దస్త్రాలు చూడటానికి చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్టు స్వల్పకాలిక సాయం ఉంది. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలపై జరిగిన దాడుల కాగితాలు చదవడానికి లండన్‌లో కొన్ని నెలలు ఉండాలి గాని, మూడేళ్లు ఫీజు కట్టనక్కరలేదు.

లండన్ పరిశోధకురాలు

దస్త్రాల కోసమే అయితే ఆ దారి సరిపోతుంది. పర్యవేక్షకుల మార్గదర్శనం, తోటివారితో నిత్యం జరిగే చర్చ, పరిచయాలు కొద్ది నెలల్లో రావు. మూడింట రెండు వంతులైనా నిధులు కుదిరితే మిగిలినదానికి అప్పు చేయవచ్చని నేను ఇప్పటికీ అంటాను. మొత్తం అప్పు మీద వెళ్లమని మాత్రం నేనూ చెప్పలేను.

కాకినాడ విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. నిధుల గడువు జనవరిలోనే ముగిసిందని, నేను మార్చిలో దరఖాస్తు చేశానని ఇప్పుడే సరిచూసుకున్నాను. ప్రవేశాన్ని ఏడాది వాయిదా వేయమని అడిగితే పర్యవేక్షకురాలు నొచ్చుకుంటారేమోనని సంకోచంగా ఉంది.

హైదరాబాద్ చరిత్ర అధ్యాపకుడు

నొచ్చుకోరు. నిధుల కోసమే వాయిదా కోరుతున్నానని సూటిగా రాయండి. వచ్చే విడతలో శాఖ మీ పేరును నిధులకు ప్రతిపాదిస్తుందా, అందుకు పరిశోధన ప్రణాళికలో ఏమి మార్చాలి, అంతర్జాతీయ ఫీజుకు, స్థానిక ఫీజుకు మధ్య ఉన్న తేడాను విశ్వవిద్యాలయం భరిస్తుందా అన్న మూడు ప్రశ్నలు అదే ఉత్తరంలో అడగండి. సమాధానం రాతపూర్వకంగా వచ్చేదాకా బ్యాంకులో ఏ కాగితంపైనా నాన్నగారి చేత సంతకం పెట్టించకండి.