డాబా మీద కుక్కను ఎండబెడుతున్న పక్కింటివాళ్లపై క్రిమినల్ కేసు పెట్టొచ్చా?

మొగల్రాజపురం గృహిణి: పక్కింటివాళ్లు లాబ్రడార్‌ని డాబా మీద కట్టేసి ఉద్యోగాలకు పోతున్నారు. రోళ్లు పగిలే ఈ మే ఎండలో సాయంత్రం దాకా అదక్కడే. మూరెడు గొలుసు. సత్తుగిన్నెలో నీళ్లు ఒలికిపోతే ఆ ఇంట్లో మళ్లీ పోసే దిక్కుండదు. బెల్టు ఒరుసుకుని మెడంతా పుండు. అడిగితే “మా కుక్క, మా ఇష్టం” అన్నారు. కేసు పెడదామని నేను, వద్దని మా ఆయన.

బెజవాడ బుల్లోడు: కుక్క కోసం ఇరుగుపొరుగుతో కోర్టుకెక్కుతారా అక్కా? 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. పది రూపాయలకు బందరు రోడ్డులో కొబ్బరి బొండం కూడా రాదు.

పటమట కిరణ్: పాత లెక్కలొద్దు బ్రో. ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 325 కింద ఐదేళ్ల దాకా జైలు. లోపలేయించండి.

బ్రాడీపేట వకీలు: కిరణ్ గారూ, 325 జంతువును చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా వర్తిస్తుంది. మెడ మీద పుండుకు నిలబడదు. పైగా అది ఆస్తి నష్టం కిందికి వచ్చే సెక్షన్. సొంత కుక్కయితే నష్టం ఎవరికని అవతలి లాయరు మొదటి వాయిదాలోనే అడుగుతాడు.

పొట్టి గొలుసు, నీడా నీళ్లూ లేకపోవడం 1960 చట్టం సెక్షన్ 11లోకి వస్తాయి. జరిమానా సిగ్గుచేటే. 2014 జల్లికట్టు తీర్పులో సుప్రీంకోర్టే శిక్షలు పెంచమంది, ఆ అంకెలు మాత్రం కదల్లేదు. అయినా కేసు వేసేది జరిమానా కోసం కాదండీ, కుక్కను అక్కణ్నుంచి దింపించడానికి. కేసు మేజిస్ట్రేట్ ముందుకు వెళితే చాలు, తీర్పు దాకా ఆగక్కర్లేకుండా సెక్షన్ 35 కింద దాన్ని వైద్యానికి, సంరక్షణకు పంపమని ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఖర్చు యజమానిదే. పది రూపాయలకు నవ్వినవాడు ఆ బిల్లుకు నవ్వడు. శిక్ష పడ్డాక, మళ్లీ హింసిస్తారనిపిస్తే సెక్షన్ 29 కింద కుక్కనే స్వాధీనం చేసుకోవచ్చు.

ఇది పోలీసులు తమంతట తాము ఎఫ్‌ఐఆర్ కట్టే నేరం కాదు, మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. నేరుగా కోర్టులోనూ ఫిర్యాదు వేయొచ్చు. నేరం జరిగిన మూడు నెలల్లోపే కదలాలి. తేదీ పడేలా ఫొటోలు తీయండి.

బెజవాడ బుల్లోడు: ఆదివారం కోడి కోస్తాం, సంక్రాంతికి పందేలాడతాం. కుక్కకేనా చట్టం?

బ్రాడీపేట వకీలు: తిండికి కోయడాన్ని ఆ చట్టమే మినహాయించింది, అనవసరంగా హింసించకపోతే. కోడిపందెం అదే సెక్షన్ 11 కింద నేరం. భీమవరంలో బరి గీశారని డాబా మీద హింసకు లైసెన్సు రాదు.

బెజవాడ బుల్లోడు: సరే సార్, కుక్క వెళ్లిపోతుంది. పక్కింట్లో ఉండాల్సింది అక్క. రేపు పార్కింగ్ గొడవ, ఎల్లుండి మోటారు గొడవ. దానికే సెక్షన్ ఉంది?

మొగల్రాజపురం గృహిణి: మా ఆయనా అచ్చం ఇదే అన్నారు బాబూ. ఇప్పటికే వాళ్లు పలకరించడం మానేశారు, కొత్తగా పోయేదేముంది? మధ్యాహ్నం ఫొటోలు తీశాను. వకీలు గారూ, ఫిర్యాదులో సాక్షిగా మా పనమ్మాయి పేరు రాయొచ్చా? ఆ గిన్నెలో నీళ్లు పోసేది తనే, గోడ మీంచి.