ముందు ఎడమ టైరు లోపలి అంచు ఒక్కటే అరిగిపోతోంది, రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించినా అదే కథ

ఎంవీపీ_స్విఫ్ట్:

అందరికీ నమస్కారం. బండి 2009 స్విఫ్ట్ డీజిల్, 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. టైర్లు 165/80 ఆర్14. నాలుగూ ఒకేసారి కొత్తవి వేయించి 13,000 కిలోమీటర్లయింది. ముందు ఎడమ టైరు బయట నుంచి చూస్తే బాగానే ఉంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పి లోపలివైపు చూస్తే అంచంతా బోడి.

డెప్త్ గేజీతో కొలిచాను. లోపల, మధ్య, బయట వరసగా, మిల్లీమీటర్లలో:
ముందు ఎడమ: 1.9, 5.4, 5.9
ముందు కుడి: 4.7, 5.5, 5.8
వెనక రెండూ ఎక్కడ పెట్టినా 6.4కి అటూ ఇటూ.

అలైన్‌మెంట్ షీట్లు రెండింట్లోనూ టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో ఎంత తిరిగాయన్న లెక్క) పచ్చరంగులోనే, అంటే హద్దుల్లోనే వచ్చింది. క్యాంబర్ (చక్రం నిటారు నుంచి ఎంత వాలిందన్న లెక్క, మైనస్ అంటే పైభాగం లోపలికి) ఎడమ −1.3 డిగ్రీలు, కుడి −0.4. "ఈ బండికి క్యాంబర్ సెట్ చేయడానికి ఉండదు, ఎడమ స్ట్రట్ మార్చేయండి" అన్నారు. స్ట్రట్ అంటే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం. హైవే మీద స్టీరింగ్ వదిలితే మెల్లగా కుడికి పోతోంది. ఈ టైర్లు వేయించడానికి కొద్దిగా ముందు క్లచ్ సెట్ మార్పించాం. అరకు ఘాట్ రెండుసార్లు ఎక్కింది. గాలి వారంవారం చూస్తాను. స్ట్రట్ కొనేముందు ఇంకేమైనా చూడాలా?

ఆటోనగర్_పానా:

స్ట్రట్ ఇప్పుడే కొనకండి. మీరిచ్చిన అంకెల్లోనే సగం జవాబు ఉంది.

టో ఒక్కటే తేడా అయితే ముందు టైర్లు రెండూ ఇంచుమించు సమానంగా అరగాలి. బండి తిన్నగా పోతున్నప్పుడు స్టీరింగ్ తనే సర్దుకుని మొత్తం టోని రెండు చక్రాలకీ చెరిసగం పంచేస్తుంది. ఒకవైపు టై రాడ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ) ఎక్కువ తిప్పేస్తే స్టీరింగ్ వంకరగా నిలబడుతుంది గానీ ఆ ఒక్క టైరే అరగదు. మీకు ఎడమ 1.9, కుడి 4.7. ఈ తేడా క్యాంబర్‌ది. అయితే కుడి టైరు లోపలి అంచు కూడా బయటి అంచుకన్నా 1.1 ఎక్కువ అరిగింది. −0.4 క్యాంబర్ ఒక్కటే అంత పని చేయదు. అంటే మెషిన్ మీద కనపడని టో-అవుట్ (చక్రాల ముందువైపులు బయటికి తిరగడం) కూడా ఉండి ఉండాలి.

ముందు చేత్తో చూడండి. అరచేతిని ట్రెడ్ మీద అడ్డంగా, బయట నుంచి లోపలికి తోయండి, తర్వాత లోపల నుంచి బయటికి. బయట నుంచి లోపలికి పోయేటప్పుడు రంపం పళ్లలా గుచ్చుకుని, తిరిగి వచ్చేటప్పుడు నున్నగా ఉంటే అది టో-అవుట్. ఇందుకు తిరగబడితే టో-ఇన్, అప్పుడు అరిగేది బయటి అంచు. ఎటు తోసినా నున్నగానే ఉండి ట్రెడ్ ఒకవైపుకి వాలినట్టు అరిగితే క్యాంబర్. తీగలు బయటపడి ఉంటే చెయ్యి కోసుకుపోతుంది, ముందు కంటితో చూసుకుని ముట్టుకోండి.

తర్వాత ముందు భాగం జాకీ ఎత్తి, స్టాండు పెట్టి చక్రం ఊపాలి. 9, 3 గంటల దగ్గర పట్టుకుని ఊపితే ఆట (వదులు) ఉందంటే టై రాడ్ ఎండ్ (చక్రంవైపు జాయింటు) గానీ ర్యాక్ ఎండ్ (స్టీరింగ్‌వైపు జాయింటు) గానీ. 12, 6 దగ్గర ఆడితే బేరింగా, బాల్ జాయింటా (కింద చక్రాన్ని పట్టి ఉంచే గుండ్రటి కీలు) తేల్చుకోవాలి. లోపల ఒకరిని కూర్చోబెట్టి బ్రేక్ నొక్కమనండి. నొక్కగానే ఆట పోతే బేరింగ్, అలాగే ఉంటే బాల్ జాయింట్.

ఇంత పాత బండిలో నేను ముందుగా అనుమానించేది లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద ఫ్రేముకి కలిపే ఇనప చెయ్యి) వెనక బుష్, అంటే దాని రబ్బరు కీలు. మెషిన్ మీద బండి కదలకుండా నిలబడి ఉంటుంది కాబట్టి టో పచ్చగానే వస్తుంది. రోడ్డు మీద బ్రేక్ పడగానే ఆర్మ్ వెనక్కి జరుగుతుంది, దాంతో టో మారిపోతుంది. చదునైన చోట ఎవరినైనా నడకవేగంతో నడిపి బ్రేక్ వేయమని, పక్కన నిలబడి చూడండి. ఫెండర్ సందులో చక్రం ముందుకీ వెనక్కీ కదిలితే బుష్ పోయినట్టే. కిందికెళ్లి ఇనప రాడ్‌తో కొద్దిగా ఎత్తితే రబ్బరు ఇనప గొట్టాన్ని వదిలేసిన సందు కనపడుతుంది. పైపైన సన్న పగుళ్లే ఉంటే మాత్రం వదిలేయవచ్చు.

కొత్త బుష్ వేయించేటప్పుడు దగ్గరుండి ఒకటి చూసుకోండి. చక్రాలు గాలిలో వేలాడుతుండగా ఆర్మ్ బోల్టులు బిగించనివ్వకండి. బండి నేల మీద దిగి బరువు పడ్డాకే ఆఖరి బిగింపు. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి తొందరగా చిరుగుతుంది.

భీమిలి_బీచ్‌రోడ్డు:

పై మాటలకి అడ్డు చెప్పను. నాకు కొట్టొచ్చినట్టు కనపడింది క్లచ్ సంగతి. క్లచ్ కోసం గేర్‌బాక్స్ దించేటప్పుడు ముందు సస్పెన్షన్ ఫ్రేము, మన మెకానిక్కులు క్రాస్ మెంబర్ అంటారు, దాన్ని వదులు చేస్తారు లేదా దించేస్తారు. తిరిగి బిగించేటప్పుడు బోల్టు రంధ్రాల్లో ఉన్న కొద్దిపాటి సందులో అది ఎడమకి జరిగి కూర్చుంటే ఎడమ చక్రం అడుగుభాగం బయటికి తోసుకొస్తుంది, కుడిది లోపలికి పోతుంది. ఎడమ క్యాంబర్ మైనస్‌లోకి, కుడిది ప్లస్ వైపుకి. మీ షీటు ఉన్నది ఆ తీరులోనే.

తేల్చే దారి ఉంది. క్యాంబర్‌తో పాటు ఎస్ఏఐ కొలిచి ప్రింటు ఇమ్మనండి. అంటే పైన స్ట్రట్ మౌంటునీ కింద బాల్ జాయింటునీ కలిపే గీత ఎంత వాలిందన్న లెక్క. చాలా కంప్యూటర్ మెషిన్లలో వస్తుంది. స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి కొలవాలి గనుక అడగకపోతే చేయరు. ఒక్కోవైపు ఎస్ఏఐకి క్యాంబర్‌ని గుర్తుతో సహా కలపండి. ఉదాహరణకి ఎడమ 13.4, క్యాంబర్ −1.3 అయితే 12.1. కుడి 12.5, క్యాంబర్ −0.4 అయితే అదీ 12.1. రెండు మొత్తాలూ సమానమైతే స్ట్రట్, నకుల్ (చక్రాన్ని మోసే ఇనప భాగం) తిన్నగానే ఉన్నాయి, జరిగింది ఫ్రేము. ఎడమ మొత్తం తేడాగా వస్తే అప్పుడు స్ట్రట్ గానీ నకుల్ గానీ వంగిందనుకోవాలి. ఫ్రేము జరగడమే అయితే బోల్టులు వదులు చేసి, రాడ్‌తో సర్ది, కొలిచి బిగించాలి. కొత్త పార్టు ఖర్చు ఉండదు.

కుడికి లాగడం కూడా దీనికి సరిపోతుంది. మనం ఎడమవైపు నడుపుతాం, రోడ్డు వాలు ఎడమకే ఉంటుంది, కాబట్టి మంచి బండైనా వదిలేస్తే కొద్దిగా ఎడమకి జారాలి. ఆ వాలుకి ఎదురెక్కి కుడికి పోతోందంటే లాగుడు గట్టిదే. క్యాంబర్ ప్లస్ వైపు ఎటు ఎక్కువుంటే బండి అటే పోతుంది.

స్ప్రింగు కుంగిందేమో కూడా చూడండి. చదును నేల మీద చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచుదాకా రెండువైపులా టేపు పెట్టి కొలిస్తే తెలిసిపోతుంది.

అరకు ఘాట్‌ని అనుమానించక్కర్లేదు. మలుపుల్లో అరిగేది బయటి భుజం, మీది లోపలిది.

గాజువాక_గేజీ:

వైజాగ్ బండ్లకి ఉండే ఇంకో ఇబ్బంది. ఉప్పుగాలికి టై రాడ్ చెక్‌నట్టు (సర్దిన రాడ్ కదలకుండా పట్టే నట్టు) తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. బీచ్ దగ్గర ఆరుబయట పెట్టే బండ్లలో ఇది మరీ ఎక్కువ. అది ఊడి రాకపోతే కొందరు రెండోవైపు టై రాడ్ ఒక్కటే తిప్పి మొత్తం టో పచ్చగా తెప్పించి పంపేస్తారు. పద్ధతి కాదది. అలైన్‌మెంట్‌కి ముందురోజు రాత్రి మరలని వైరు బ్రష్‌తో రుద్ది డబ్ల్యూడీ-40 (తుప్పు వదిలించే స్ప్రే) కొట్టండి, పొద్దున్న ఇంకోసారి. విప్పేటప్పుడు ఒక పానాతో టై రాడ్ ఎండ్‌ని పట్టుకుని రెండో పానాతో నట్టు తిప్పాలి. సర్దాక ర్యాక్ రబ్బరు బూటు మెలిపడలేదని చూడాలి, మెలిపడితే చిరిగి ఇసక, నీళ్లు లోపలికి పోతాయి.

జాకీ దించగానే కొలవనివ్వకండి. బండిని కొన్ని అడుగులు ముందుకీ వెనక్కీ తోసి, బానెట్ రెండుమూడుసార్లు నొక్కి వదిలాక కొలిస్తేనే అసలు లెక్క. గాలి నాలుగింట్లోనూ డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్‌లో ఉన్నంత, టైరు చల్లగా ఉన్నప్పుడు.

ఆ ఎడమ టైరు మాత్రం వెనక్కి మార్చి వాడొద్దు. అరుగుదల గుర్తు ఉండేది 1.6 దగ్గర, మీరు 1.9లో ఉన్నారు. వాన పడ్డ రోజున ఆ అంచు నీళ్లని తోయలేదు.

ఎంవీపీ_స్విఫ్ట్:

చెయ్యి పెట్టి చూశాను. బయట నుంచి లోపలికి తోస్తే రెండు ముందు టైర్లూ గుచ్చుకుంటున్నాయి, ఎడమది ఎక్కువ. బ్రేక్ వేస్తే ఎడమ చక్రం వెనక్కి జరగడం స్పష్టంగా కనపడింది. ఎస్ఏఐ ప్రింటు రేపు తీయిస్తాను. ఒక సందేహం. ఈలోగా క్యాంబర్ బోల్టు వేయించి −1.3ని సర్దేయవచ్చా?

ఆటోనగర్_పానా:

వద్దండి. ఫ్రేము జరిగి ఉండగా క్యాంబర్ బోల్టు వేస్తే షీటు మీద అంకె బాగుపడుతుంది, ఎస్ఏఐ తేడా అలాగే ఉండిపోతుంది. రేపు ఎవరైనా ఫ్రేము సర్దితే క్యాంబర్ మళ్లీ తిరగబడుతుంది. వరస ఇలా పెట్టుకోండి: ముందు బుష్‌లు రెండువైపులా, తర్వాత ఎస్ఏఐ చూసి ఫ్రేము, ఆ తర్వాత కొత్త టైరు, అన్నిటికీ చివర టో. ఫ్రేము సర్దాక కూడా ఎడమ కుడి తేడా అర డిగ్రీ దాటి ఉంటే, అప్పుడు స్ట్రట్‌ని నకుల్‌కి పట్టే రెండు బోల్టులు వదులు చేసి, చక్రం పైభాగం బయటికి లాగిపట్టి బిగించమనండి. ఆ రంధ్రాల్లో ఉన్న సందుతోనే కొంత వస్తుంది. దానికీ రాకపోతేనే క్యాంబర్ బోల్టు.

బుష్ వేసేదాకా దూరం పోకండి, ముఖ్యంగా ఘాట్ దిగకండి. కొత్త టైరు వేశాక 1,000 కిలోమీటర్లకి మళ్లీ మూడుచోట్లా గేజీ పెట్టి అంకెలు ఇక్కడ రాయండి.