అప్‌డేట్: ఆర్కే బీచ్ సూర్యోదయానికి ఏ గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్?

వైజాగ్ ఆర్కే బీచ్‌లో సూర్యోదయం తీస్తే ఆకాశం తెల్లగా తేలిపోతోంది, లెన్స్ ముందు పెట్టే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ (గ్రాడ్: పైసగం ముదురు, కింద సగం తేట)లో సాఫ్ట్ (ముదురు మెల్లగా తగ్గేది) కొనాలా, హార్డా (గీత గీసినట్టు ఆగేది) అని ఇదివరకు అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. చివరికి పనిచేసింది ఒకరు చెప్పిన రివర్స్ గ్రాడ్: 0.9, అంటే మూడు స్టాప్‌లు (వెలుగును ఎనిమిదో వంతుకు తగ్గిస్తుంది). సూర్యుడు సముద్రం అంచున ఉన్నప్పుడు అసలు వెలుగంతా ఆ గీత దగ్గరే. ఈ ఫిల్టర్ ముదురు భాగమూ మధ్యలోనే ఉండి, పైకి పోయేకొద్దీ పలచబడుతుంది. లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) చూస్తూ, లెన్స్‌కి తగిలించిన హోల్డర్‌లో ఫిల్టర్‌ని మెల్లగా కిందికి జరిపితే తడి ఇసుక మీద మెరుపు కూడా నిలిచింది. కెమెరాని డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు తిప్పితే మాత్రం కొండ నల్లగా ముద్దయిపోతోంది, అక్కడ సాఫ్టే నయం. సూర్యుడు బాగా పైకొచ్చాకా అంతే. పోలరైజర్ (ఆకాశాన్ని ముదురు చేసే మరో రకం ఫిల్టర్) గొడవ దీనికి అనవసరం. సూర్యుడు ఎదురుగా ఉంటే ఆకాశం మీద దాని ప్రభావం దాదాపు ఉండదు.