తిరుపతిలో ఉండి కొండకు పోకపోతే భక్తి తగ్గినట్టేనా?

కొర్లగుంట కోడలు

పోయిన వారం మదనపల్లెలో మా చిన్న ఆడపడుచు గృహప్రవేశం. భోజనాల దగ్గర ఒక పెద్దావిడ నన్ను అడిగారు, "మీరు ఉండేది తిరుపతిలోనే కదమ్మా, కొండకు ఎన్నాళ్లకోసారి పోతారు?" అని. మూడేళ్లయిందని చెప్పాను. "సామి పాదాల దగ్గర ఉండి మూడేళ్లా! మేము కర్నూలు నుంచి ఏడాదికి రెండుసార్లు వస్తామే" అన్నారు. ఆవిడ చెడ్డగా అనలేదు. అయినా ఇంటికొచ్చాక రెండు రాత్రులు ఆ మాట చెవిలోనే ఉంది.

నా సంగతి చెప్తాను. ఐదింటికి లేస్తాను. వాకిలి చిమ్మి నీళ్లు చల్లేసరికి ఇంకా చీకటిగానే ఉంటుంది. మా వీధి మలుపులోంచి కొండ నల్లగా కనిపిస్తుంది. ఘాట్ రోడ్డు మీద బస్సుల లైట్లు ఒకదాని వెనక ఒకటి మెలికలు తిరుగుతూ పైకి పోతుంటాయి. ముగ్గుపిండి గుప్పిట్లో అట్లాగే పట్టుకుని కాసేపు చూస్తాను. తర్వాత పాలు పెడతాను. పొంగడానికి ముందు గిన్నె అంచు చుట్టూ సన్నగా నురగ కడుతుంది, నడుమ మీగడ మెల్లగా ఉబ్బుతుంది. అప్పుడు స్టవ్ తగ్గించి, మొదటి గ్లాసు పటం ముందు పెట్టి దీపం వెలిగిస్తాను. నా పూజ అంతే. పది నిమిషాలు కూడా పట్టదు. ఆ పది నిమిషాలు నాకు ఎంత నిండుగా ఉంటాయంటే, కొండకు పోలేదన్న లోటు మూడేళ్లలో ఒక్కరోజు కూడా తెలియలేదు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. ఇది భక్తేనా? లేక మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, పిల్లల పరీక్షలు, ఇవన్నీ చూసుకుని నేను చేసుకున్న సర్దుబాటా? మొహమాటం లేకుండా చెప్పండి.

మెట్లదారి

అక్కా, నొప్పించాలని కాదు కానీ నేను ఒప్పుకోను.

నెలకోసారి శ్రీవారి మెట్టు దారిలో ఎక్కుతాను. 2,388 మెట్లు. దూరం చూస్తే రెండు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. అలిపిరి దారి అయితే తొమ్మిది కిలోమీటర్ల దాకా ఉంటుంది, మెట్లు మూడున్నర వేల పైచిలుకు. మాది చిన్న దారే గానీ నిలువుగా ఉంటుంది, సగం దాటేసరికి కాళ్లు వణుకుతాయి. పక్కనే ఎవరో ఒక ముసలమ్మ నడుం వంచి ఒక్కో మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ వస్తుంటుంది. ఆమెను చూశాక నా కాళ్ల గురించి ఏం మాట్లాడతాను?

మా నాన్న చనిపోయిన ఏడాది ఇంట్లో దేవుడి ముందు కూర్చోలేకపోయాను. కళ్లు తెరిస్తే ఎదురుగా ఆయన కుర్చీ. మూస్తే ఆయన దగ్గు వినిపించేది. ఇల్లు మనిషిని వదలదు అక్కా. పెద్దకర్మ అయిన నెలకు కొండ ఎక్కాను. సన్నిధిలో నిలబడింది రెండు సెకన్లు, వెనక నుంచి "జరగండి జరగండి" అని పంపించేశారు. ఆ రెండు సెకన్లలో సామిని ఏమీ అడగాలనిపించలేదు. నా జీవితంలో అది మొదటిసారి. ఇంట్లో దండం పెట్టుకుంటే ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాను, మీరూ అంతే అనుకుంటా. ఇంట్లో అన్నీ మన టైమ్ ప్రకారం, మన ఇష్టప్రకారం జరుగుతాయి. అక్కడ మన ఇష్టం ఒక్కటీ సాగదు. నాకు ఆ సాగకపోవడమే కావాలి.

పాకాల పిల్ల

ఇద్దరూ రాసింది చదివాను. నా బాధ వేరే.

ముగ్గు, పాలు, దీపం అంటున్నారు కదా. అవన్నీ చేసే చేతులు ఎవరివి? మా ఇంట్లో "ఇంటికి దీపం ఇల్లాలు" అన్న సామెత రోజూ వినేవాళ్లం. ఆ దీపానికి వేడి అన్నం తినే తీరిక ఉండేది కాదు. పండగ రోజు అందరి భోజనాలు అయ్యాక గిన్నె అడుగున గోకి, మాడిన పులిహోర తినేది మా అమ్మ. కొండకు పోదామంటే మా నాయనమ్మ "దేవుడు ఇంట్లో లేడా, ఇల్లు ఎవరు చూస్తారు" అనేది. నాయనమ్మను తప్పు పట్టను, ఆమెకూ ఎవరో అట్లాగే చెప్పి ఉంటారు.

నేను పదో తరగతి పరీక్షలు రాసిన సెలవుల్లో చివరికి ఒకసారి పోయాం. దర్శనం ఎట్లా అయిందో నాకు సరిగా గుర్తు లేదు. అన్నదానం హాలు మాత్రం బాగా గుర్తుంది. అమ్మ ఆకు ముందు కూర్చుంది. ఎవరో వచ్చి అన్నం వడ్డించారు, ఆవిర్లు వస్తున్నాయి. ఇంకెవరో సాంబారు పోసి "ఇంకాస్త వేయమంటారా అమ్మా" అని అడిగారు. అమ్మ కాసేపు ముద్ద కలపలేదు. కళ్లలో నీళ్లు చూసి కారం ఎక్కువైందేమో అనుకున్నాను. ఇంకా ఒక్క ముద్ద కూడా నోట పెట్టలేదని ఇంటికొచ్చాక తట్టింది.

1985లో మొదలైన ఆ అన్నదానానికి ఇప్పుడున్న పెద్ద భవనం తరిగొండ వెంగమాంబ పేరు మీద ఉంది. ఆమె మన ప్రాంతం మనిషే. చిన్న వయసులోనే భర్త పోయాక ఇంట్లో ఒక మూల కూర్చోమంటే ఆమె కూర్చోలేదు. ఊరు వదిలి కొండకు పోయింది, అక్కడే ఉండి కావ్యాలు రాసింది, 1817లో పోయేదాకా. ఇప్పటికీ రాత్రి ఏకాంత సేవ వేళ ఆమె పేరుతో హారతి ఉంది. ఇల్లే గుడి అని ఆడవాళ్లకు చెప్పేముందు ఆమెను కూడా గుర్తు చేసుకోవాలి.

కోడలక్కా, మీరు సంతోషంగా ఉన్నారంటే నాకూ సంతోషమే. కానీ మీ ఇంట్లో ఆ పని మీ ఒక్కరిదేనా?

పాతబడి మాస్టారు

కుమ్మరి కథ ఎవరైనా తెస్తారేమోనని చూస్తున్నాను. ఎవరూ తేలేదు కాబట్టి నేనే చెప్తాను.

తొండమాన్ చక్రవర్తి రోజూ బంగారు పూలతో స్వామిని అర్చించేవాడు. ఒకరోజు చూస్తే తన పూల స్థానంలో మట్టిపూలు ఉన్నాయి. ఎవరు పెట్టారని వెతికిస్తే ఒక పల్లెలో కుమ్మరి దొరికాడు. కురువనంబి అంటారు, భీముడనీ అంటారు. అతనికి గుడికి పోయే తీరిక లేదు. సారె మీద కుండలు చేస్తూ, చేతికి అంటిన మట్టితోనే పూలు చేసి, ఇంట్లో ఉన్న స్వామి బొమ్మ దగ్గర పెట్టేవాడు. ఆ మట్టిపూలే కొండ మీద కనబడ్డాయి. ఈనాటికీ స్వామికి రోజూ కొత్త ఓటికుండలోనే, అంటే పగిలిన మట్టికుండలోనే, దద్ధ్యోదనం నివేదన చేస్తారు. అది ఆ కుమ్మరిని తలచుకోవడమేనని మా పెద్దవాళ్లు చెప్పేవారు.

కథను కోడలుగారి వైపు వాదనగా వాడుకోవచ్చు. కానీ పాకాల అమ్మాయి రాసింది చదివాక నాకు అందులో ఇంకొకటి కనిపించింది. ఆ పూలు కుమ్మరిని ఎవరూ చేయమనలేదు. కుండలు కూటి కోసం, పూలు తన కోసం. వాళ్ల అమ్మగారి రోజులో కుండలే ఉన్నాయి, పూలకు చోటు లేదు. నలభై ఏళ్లు బడిలో "మాతృదేవో భవ" చెప్పినవాణ్ణి, మా ఇంట్లో నా భార్య ఎప్పుడు తిన్నదీ చూసినవాణ్ణి కాదు. ఇది రాయడానికి నాకు కష్టంగానే ఉంది.

ఇంకొక్క మాట. తాళ్లపాక అన్నమయ్య సంకీర్తనల్లో సువ్వి పాటలు, లాలి పాటలు, జోలలు ఉన్నాయి. రోటి దగ్గరా ఉయ్యాల దగ్గరా ఆడవాళ్లు పాడుకునే వరసలవి. గుడి ఇంటి దగ్గర నేర్చుకున్నది చాలా ఉంది.

మెట్లదారి

మాస్టారూ, నమస్కారం. ఆ కథలో కూడా మట్టిపూలు ఇంట్లోనే ఉండిపోలేదు, కొండ చేరాయి. నా పట్టు అదే.

బెంగళూరు బస్సు

నాకు దేవుడి మీద నమ్మకం లేదు. అయినా ఇందులో రాయాలనిపించింది.

శుక్రవారం రాత్రి బెంగళూరులో బస్సు ఎక్కి చిత్తూరులో దిగుతాను. శనివారం పొద్దున మిద్దె మీద అమ్మ చింతపండు గింజ తీస్తుంటే పక్కన కూర్చుంటాను. మధ్యాహ్నం సంగటి, ఊరిబిండి. నాన్న పేపరు చదువుతూ ధరల గురించి గొణుగుతుంటారు. వారమంతా ఉన్న టెన్షన్ అక్కడ ఎట్లా పోతుందో తెలియదు. నాకు ఇది చాలు. సంతోషాన్ని సంతోషం అంటే సరిపోతుంది కదా, దానికి భక్తి అని పేరు ఎందుకు పెట్టాలి?

కొర్లగుంట కోడలు

తమ్ముడూ, నువ్వు పేరు పెట్టకపోయినా పోయేదేమీ లేదు. నా సంగతి అడిగితే, పాలు పొంగేటప్పుడు నాకు ఎవరికైనా చెప్పుకోవాలనిపిస్తుంది, 'ఈరోజు కూడా అందరం బాగున్నాం' అని. ఇంట్లో అందరూ నిద్రలో ఉంటారు. ఎదురుగా పటం ఉంటుంది. ఆయనకే చెప్తాను.

పాకాల చెల్లెలు అడిగినదానికి జవాబు ఇవ్వాలి. మా ఇంట్లో పెరటాసి నెలలో, అంటే తమిళ లెక్కన సెప్టెంబరు నడుమ మొదలయ్యే నెలలో, తిరుమల శనివారాలు చేస్తాం. ముందురోజే ఇల్లు కడిగి, బియ్యం నానబెట్టి, నీడన ఆరేసి, తడి పూర్తిగా పోకముందే దంచుతాం. ఆ పిండిలో బెల్లం కలిపి, ముద్ద చేసి, బొటనవేలితో నడుమ గుంట నొక్కి, నెయ్యి పోసి వత్తి వేస్తాం. పొద్దున్నే వీధి పిల్లలు నామాలు పెట్టిన చెంబులు పట్టుకుని "గోవిందా గోవింద" అని వస్తారు. మా అత్తమ్మ కుర్చీ గడప దగ్గర వేయించుకుని, ఒక్కొక్కరికీ పిడికెడు బియ్యం పోస్తుంది. దీపం కొండెక్కాక, నెయ్యి ఇంకి వత్తి దగ్గర కాస్త మాడిన ఆ నడిమి ముక్కను మా చిన్నవాడికి పెడుతుంది. దాని కోసం వాడు పొద్దుటి నుంచి కాచుకుని ఉంటాడు.

ఇదంతా మొన్నటిదాకా నేనూ అత్తమ్మే చేసేవాళ్లం. పోయినేడు నడుం పట్టేసి నేను వంటింట్లోనే కూలబడితే, అప్పటి నుంచి తళిగ (సామి ముందు ఆకులో పెట్టే నైవేద్యం) వేసిన రోజు అంట్లు మా ఆయన తోముతున్నారు. పిండి దంచేది పెద్దవాడు. నేను కుర్చీలో కూర్చుని దీపం వెలుగుతుంటే పూర్తిగా చూసింది పోయినేడే, పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో మొదటిసారి. కాబట్టి నువ్వు అడిగింది న్యాయమైన ప్రశ్న.

నువ్వు రాసింది చదివాక ఇంకొకటి కూడా చేశాను. రాత్రి అత్తమ్మ కాళ్లకు నూనె రాస్తూ అడిగాను, "అత్తమ్మా, మీకు కొండకు పోవాలని ఉందా?" అని. ఆమె కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీకు కష్టమని అడగలేదమ్మా. ఒక్కసారి పోతే బాగుండు. మామయ్య ఉన్నప్పుడు పోయిందే ఆఖరు" అంది. మామయ్య పోయి ఆరేళ్లు. సామి ఇంట్లోనే ఉన్నాడు కదా అని మూడేళ్లుగా అందరికీ చెప్తున్నది నేను. ఆమె తరఫున కూడా నేనే చెప్పేశాను, ఆమెను అడగకుండా.

నా పది నిమిషాలు నావే, వాటిని తక్కువ చేసుకోను. కానీ ఆమెకు కావలసింది వేరే. మెట్లదారి తమ్ముడూ, అత్తమ్మకు 71 ఏళ్లు. ఎక్కువసేపు నిలబడలేదు. దారి చెప్పు.

మెట్లదారి

అక్కా, 65 దాటినవాళ్లకు విడిగా ఉచిత దర్శనం ఉంది. టిటిడి వెబ్‌సైట్‌లో మూడు నెలల ముందు కోటా వదులుతారు, నిమిషాల్లో అయిపోతుంది, కాబట్టి ఆ టైమ్‌కు ఫోన్ పట్టుకుని సిద్ధంగా ఉండండి. పెద్దవాడికి చెప్పండి, పిల్లలైతే చకచకా చేస్తారు. ఒరిజినల్ ఆధార్ మర్చిపోవద్దు. బస్సులో ముందు సీటు అడగండి, ఘాట్ రోడ్డు మలుపుల్లో పెద్దవాళ్లకు కళ్లు తిరుగుతాయి. నేను ఆరోజు మెట్లదారిలో పైకి వస్తాను, వీల్‌చెయిర్ కావాలంటే తోస్తాను.

ఒకటి అడుగుతా. మా అమ్మ నాన్న పోయినప్పటి నుంచి శనివారాలు మానేసింది. మీరు రాసింది రాత్రి చదివి వినిపించాను. పిండి దీపం కొలత అడుగుతోంది.

కొర్లగుంట కోడలు

అత్తమ్మను అడిగే రాస్తున్నా. రెండు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు నిండా తురిమిన బెల్లం, రెండు ఏలకులు. నీళ్లు అసలు పోయొద్దు, బెల్లం తడే చాలు. ముద్ద విరిగిపోతుంటే కాస్త నెయ్యి చేతికి రాసుకోమను. వత్తి లావుగా ఉండాలట, సన్నగా ఉంటే నెయ్యి ఇంకకముందే ఆరిపోతుంది. మీ అమ్మగారికి ఇంకేమైనా సందేహం ఉంటే ఫోన్ చేయించు, అత్తమ్మ మాట్లాడతానంటోంది.