షోరూం గేటు దగ్గరికెళ్తే మాయమయ్యే ఫాల్టు – కొత్త టర్బో కారు, బెంగళూరు

నైస్‌రోడ్ నాని:
టర్బో పెట్రోలు, డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్). నాలుగు నెలల బండి, 3,100 కిలోమీటర్లు. రెండో గేర్లోనో మూడో గేర్లోనో గట్టిగా తొక్కితే ఒక్కోసారి జర్క్ ఇచ్చి పవర్ పడిపోతుంది. ఇంజిన్, ఏబీఎస్, స్టీరింగ్ లైట్లు మూడూ ఒకేసారి వెలుగుతాయి. ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే. సర్వీసు వాళ్ళది మూడుసార్లూ ఒకే మాట, "నో ప్రాబ్లమ్ ఫౌండ్". అడ్వైజర్ సర్వీసు రోడ్డు మీద 40లో ఒక రౌండు తిప్పి తెచ్చేస్తాడు. దీన్ని పట్టుకోవడం ఎలా? జాబ్ కార్డులో ఏం రాయించాలి? ఎక్స్‌టెండెడ్ వారంటీ ఇప్పుడే తీసుకోవాలా?

బ్యాటరీ బాబాయ్:
మూడు లైట్లు కలిసి వెలిగాయంటే మూడు పార్టులు కట్టగట్టుకుని చెడిపోయాయని కాదు నాన్నా. మూడింటికీ ఉమ్మడిగా ఉండేవి కరెంటు, ఎర్తు, కారులోని కంప్యూటర్లు మాట్లాడుకునే క్యాన్ వైర్లు. అక్కడ మొదలుపెట్టు. రాత్రంతా ఆగిన బండికి 12.6 వోల్టులుంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. క్రాంక్ చేసేటప్పుడు (స్టార్టర్ తిరిగేటప్పుడు) 9.6 కిందికి జారితే దాని పని అయిపోయినట్టే. యార్డులో నెలల తరబడి పడి ఉన్న బండైతే "కొత్త" అనే మాట బ్యాటరీకి వర్తించదు.

కోడ్ కిట్టయ్య:
అవన్నీ తర్వాత బ్రో. ఓబీడీ పోర్టులో (కారు కంప్యూటర్ డేటా చదివే సాకెట్) ఒక బ్లూటూత్ డాంగిల్ పెట్టి, నడుపుతుండగా రీడింగుల లాగ్ తీయి. రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి పెట్రోలు అందే ఒత్తిడి) అడిగింది ఎంత, వచ్చింది ఎంత, బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి), యాక్సిలరేటర్ పెడల్ సెన్సర్ రెండు ట్రాకులు, వోల్టేజీ. ఇంతకు మించి టిక్ పెట్టొద్దు, రీడింగులు నెమ్మదించి అసలు క్షణం మధ్యలోంచి జారిపోతుంది. తొక్కినప్పుడు రైల్ ప్రెషర్ అడిగినంత రాకపోతే పి0087 అనే ఫాల్టు కోడ్. పెడల్ ట్రాకులకి పొంతన కుదరకపోతే పి2138. ఇంకోటి, ఇంజిన్ ఆఫ్‌లో మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్‌లోకి వెళ్ళే గాలి ఒత్తిడి) 91 కిలోపాస్కల్ చూపిస్తే సెన్సర్ పోయిందని కంగారు పడొద్దు. మన ఊరు 900 మీటర్ల ఎత్తు, ఇక్కడ గాలి ఒత్తిడే తక్కువ. అదే బండి చెన్నైలో 101 చూపిస్తుంది.

బ్యాటరీ బాబాయ్:
డాంగిల్ పెట్టమన్నవాడివి పీకమని కూడా చెప్పాలిగా. పోర్టులో అలాగే వదిలేస్తే కొన్ని బళ్ళలో గేట్‌వే (పోర్టుకీ మిగతా కంప్యూటర్లకీ మధ్య ఉండేది) నిద్రపోదు. లాక్ చేసిన 30, 40 నిమిషాలకి బండి లాగే కరెంటు 50 మిల్లీ ఆంపియర్ల లోపుకి దిగాలి. దిగకపోతే వారానికి బ్యాటరీ గోవిందా. అప్పుడు వచ్చే లైట్లకి మళ్ళీ ఇంకో డాంగిల్ కొంటావా?

కోడ్ కిట్టయ్య:
డ్రైవ్ అయ్యాక పీకేయాలని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. అది కూడా రాయాలా?

బ్యాటరీ బాబాయ్:
రాయాలి. కోడ్లు క్లియర్ చేయొద్దని కూడా రాయాలి. యాప్‌లో ఆ బటన్ నొక్కితే ఫ్రీజ్ ఫ్రేమ్ తుడిచిపెట్టుకుపోతుంది. ఫాల్టు వచ్చినప్పుడు ఎంత ఆర్‌పీఎం, ఎంత లోడు, ఎంత వేడి అన్నది ఉండేది అందులోనే. రెడీనెస్ మానిటర్లూ (బండి తనంతట తాను చేసుకునే పరీక్షల లెక్క) మొదటికొస్తాయి. సర్వీసు టూల్లో అది కనబడిందా, "మీరే ఏదో కెలికారు" అంటారు. పాపం ఈ అబ్బాయి "కోడేమీ లేదు" అనిపించుకోవడానికి కారణం ఇదేనేమో ఎవరు చూడొచ్చారు.

కోడ్ కిట్టయ్య:
నేను క్లియర్ చేయమన్నానా? ఎక్కడన్నానో చూపించండి. చదవకుండా పోట్లాటకి రావడం ఈ గ్రూపులో అలవాటైపోయింది.

మారతహళ్ళి మావ:
కొట్టుకున్నది చాలు గానీ, బండి బేస్‌మెంట్ పార్కింగులో పెడుతున్నారా? అయితే ముందు ఎలుకలు. బానెట్ ఎత్తి బ్యాటరీ ట్రే పక్కన, ఇంజిన్ కవర్ కింద టార్చి వేసి చూడండి. నల్లగా బియ్యపు గింజల్లా పెంటికలు, కొరికిన స్పాంజి ముక్కలు కనిపిస్తే ఖాయం. వైరు పూర్తిగా తెగితే లైటు ఆరదు. పైపొర మాత్రమే ఊడితే కదిలినప్పుడు తగులుతుంది, లేనప్పుడు లేదు. పొగాకు కట్ట వారం రోజులు పనిచేస్తుంది, తర్వాత ఎలుకలకి అలవాటైపోతుంది. కలరా ఉండల వాసన మాత్రం ఏసీలోంచి మన ముక్కుకే.

హార్నెస్ హరి:
పద్నాలుగేళ్ళుగా వైరింగే నా పని, కాబట్టి కాస్త వినండి. డెలివరీ రోజు డ్యాష్‌క్యామ్, యాంబియెంట్ లైట్లు, పెద్ద హారన్ బిగించారా? ఒరిజినల్ వైరుని కోసి, క్లిప్పు నొక్కి కరెంటు తీసుకుంటే ఆ క్లిప్పు కొన్ని తీగల్ని తెంచేస్తుంది. ముందు అవి విప్పించు. తర్వాత కారు ఐడిల్‌లో ఉండగా ఒక్కో కనెక్టర్ పట్టి కదుపుతూ లైవ్ డేటా చూడు.

కోడ్ కిట్టయ్య:
క్యాన్ చెక్ చేయడానికి ఇంకా సులువుంది. బ్యాటరీ తీసేసి ఓబీడీలో 6, 14 పిన్ల మధ్య ఓమ్స్ చూడాలి. 60 వస్తే క్యాన్ ఓకే. 120 వస్తే ఒక చివర తెగినట్టు.

హార్నెస్ హరి:
పాత బళ్ళకి కరెక్టే. కొత్తవాటిలో ఓబీడీ వెనకాల గేట్‌వే ఉంటుంది. నీకు 60 వస్తే తేలేది పోర్టు నుంచి గేట్‌వే దాకా వైరు బాగుందని, అంతే. ఏబీఎస్ వైపు లైను ఎలా ఉందో దానికేం తెలుసు? ముందు గది తలుపు తట్టి ఇల్లంతా చూశానన్నట్టుంది.

కోలారు పిల్లోడు:
అన్నా, పెట్రోలేమన్నా తేడానా? మూత లోపల్ స్టిక్కర్ మీద రాసిన ఆక్టేనే పోస్తాండావా?

హార్నెస్ హరి:
తక్కువ ఆక్టేన్ పోస్తే నాక్ సెన్సర్ పట్టుకుని టైమింగ్ వెనక్కి లాగుతుంది, లాగుడు తగ్గుతుంది. ఏబీఎస్ లైటు వెలిగించదు.

కోలారు పిల్లోడు:
సరే సామీ, అడిగింది తప్పా? డీసీటీ అన్నాడని గుర్తొచ్చింది, డ్రై క్లచ్ (నూనెలో మునగనిది) అయితే సిల్క్ బోర్డు ట్రాఫిక్ కాడ అంగుళం అంగుళం పాకించొద్దు. ముందు బండికి నాలుగు మీటర్లు వదిలి, ఒక్కసారిగా కదిలి, పూర్తిగా ఆగితే క్లచ్ వేడెక్కదు.

లాయరమ్మ:
జాబ్ కార్డు సంగతి ఎవరూ ఎత్తలేదు. "జనరల్ చెకప్" అని రాస్తే సంతకం పెట్టకండి. ఏ గేరు, ఎంత ఆర్‌పీఎం, ఏ లైట్లు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర వచ్చిందో మీ మాటల్లోనే ఎక్కించండి. పక్క సీట్లోవాళ్ళ చేత ఓడోమీటర్ కనబడేలా ఇరవై సెకన్ల వీడియో తీయించి, అదే రోజు మెయిల్ చేయండి. మూడుసార్లూ ఇచ్చిన కార్డులు, బండి అక్కడున్న తేదీలు దాచుకోండి. మన దేశంలో అమెరికాలో లాంటి లెమన్ చట్టం (పదేపదే చెడే కొత్త బండిని మార్చివ్వాలనేది) లేదు, ఉన్నది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. చెల్లించిన మొత్తం 50 లక్షల వరకు జిల్లా కమిషన్, ఆపైన 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్. గడువు రెండేళ్ళు. హైదరాబాద్‌లో కొన్నా, మీరుండేది బెంగళూరైతే ఇక్కడే వేయొచ్చు. దానికి ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తయారీ లోపం అని నోటితో అంటే చాలదు, ల్యాబ్ రిపోర్టో నిపుణుడి మాటో కావాలి. అందుకే కొలతలు కాగితం మీద ఉండాలి.

బ్యాటరీ బాబాయ్:
అమ్మాయి సరిగ్గా చెప్పింది. కొలత ఎలాగో నేను చెప్తా. మల్టీమీటర్ డీసీలో పెట్టు. నల్ల ప్రోబు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, క్లాంపు మీద కాదు. ఎర్రది ఇంజిన్ మీద రంగు లేని లోహానికి ఆనించి ఒకరిని స్టార్ట్ చేయమను. 0.2 వోల్టుల లోపుండాలి. తర్వాత అదే బాడీకి పెట్టి చూడు. గట్టిగా తొక్కినప్పుడు ఇంజిన్ మౌంట్ల మీద ఊగుతుంది. ఇంజిన్‌ని బాడీకి కలిపే ఎర్త్ పట్టీ లూజుగా ఉంటే అప్పుడే వదులుతుంది. 40లో తిప్పేవాడికి జన్మలో దొరకదు.

నైస్‌రోడ్ నాని:
ఇప్పుడే చూశా బాబాయ్. బాడీకి 0.08. ఇంజిన్‌కి ఒకసారి 0.41, ఇంకోసారి 0.57. ఓబీడీలో 60.4 వచ్చింది, హరిగారు తిట్టకండి. స్పానర్‌తో నేనే బిగించేయనా?

బ్యాటరీ బాబాయ్:
ముట్టుకోకు! రెండు అంకెలూ ఫోటో తీసి, "ఇంజిన్ టు బాడీ ఎర్త్ వోల్టేజ్ డ్రాప్" అని జాబ్ కార్డులో రాయించు. పట్టీ విప్పి, కింద రంగు పూత గీకి, వాళ్ళ టార్క్‌కే బిగించమను. బిగించాక నీ ముందే మళ్ళీ కొలవాలి. నెగటివ్ టెర్మినల్ మీద బ్యాటరీ కరెంటు కొలిచే బుల్లి సెన్సర్ ఉంటుంది, చార్జర్ తగిలిస్తే నెగటివ్ క్లిప్పు బాడీకే వేయమను.

కోడ్ కిట్టయ్య:
0.57 ఓకే, లాగ్‌లో వోల్టేజీ పడిందా లేదా? అది కూడా పెట్టు బ్రో. డాంగిల్ పీకేశావుగా, లేకపోతే బాబాయ్ నిద్రపోడు.