మున్సిపల్ హైస్కూల్‌కి నిధులు: ఏ పనికి ఎవరిని అడగాలి?

ఎస్‌ఎంసీ మెంబర్:
నమస్కారం అండి. నేను పాఠశాల యాజమాన్య కమిటీ (ఎస్‌ఎంసీ) మెంబర్‌ని. ఆంధ్రప్రదేశ్‌లో ఒక నగరంలోని మున్సిపల్ హైస్కూల్ గురించి అడుగుతున్నాను. ఆరు నుంచి పది దాకా 640 మంది పిల్లలు. స్కూళ్లని బాగుచేసే నాడు–నేడు పథకం మొదటి విడతలో టాయిలెట్లు, ఫ్యాన్లు, గ్రీన్ చాక్‌బోర్డులు, బెంచీలు వచ్చాయి. స్కూలు రూపమే మారింది, ప్రైవేటు నుంచి పిల్లలు వచ్చి చేరారు. ఇప్పుడు ఆ టాయిలెట్లలో సగం కుళాయిలు పనిచేయట్లేదు, పదకొండు గంటల ఇంటర్వెల్‌కే ట్యాంకు ఖాళీ అవుతోంది. రెండో విడతలో మొదలుపెట్టిన అదనపు గదులు పిల్లర్ల దగ్గరే ఆగిపోయాయి. స్కూలు ఖర్చులకి ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు కరెంటు బిల్లుకే చాలట్లేదు. విద్యాశాఖని అడిగితే కార్పొరేషన్ అంటారు, అక్కడికెళ్తే విద్యాశాఖ అంటారు. ఏ పనికి ఎవరిని అడగాలి? పిల్లలు పెరిగినా డబ్బు ఎందుకు పెరగదు?

రిటైర్డ్ హెచ్‌ఎం:
ముందు డబ్బు సంగతి చెప్తాను, అసలు చిక్కు అక్కడే ఉంది. సమగ్ర శిక్ష (కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే పథకం) కాంపోజిట్ గ్రాంటు తలకి ఇంత అని రాదు, స్లాబుల్లో వస్తుంది. 101 నుంచి 250 మంది దాకా ఏడాదికి 50 వేలు, 251 నుంచి 1000 దాకా 75 వేలు, వెయ్యి దాటితే లక్ష. అంటే 260 మంది ఉన్న స్కూలుకీ 960 మంది ఉన్న స్కూలుకీ అదే 75 వేలు. మీ స్కూల్లో పిల్లవాడికి ఏడాదికి 117 రూపాయలు పడుతుంది. అందులో పది శాతం, అంటే 7,500, స్వచ్ఛతకే ఖర్చు పెట్టాలి. సిటీలో కిక్కిరిసిన స్కూళ్లు నష్టపోయేది ఈ స్లాబుల వల్లే. ఇది మార్చాలని జిల్లా ప్రణాళిక తయారయ్యే సమయంలో ప్రతి ఎస్‌ఎంసీ రాతపూర్వకంగా అడగాలి.

ఎవరిని అడగాలంటే: 2022లో మున్సిపల్ స్కూళ్ల పర్యవేక్షణ, టీచర్ల వ్యవహారం విద్యాశాఖకి వెళ్లాయి. స్థలం, భవనం మాత్రం మున్సిపాలిటీవే. కాబట్టి టీచర్లు, గ్రాంటు, ఆగిపోయిన గదుల బిల్లులు అయితే ఎంఈఓ (మండల విద్యాధికారి) ద్వారా డీఈఓకి (జిల్లా విద్యాధికారికి), సమగ్ర శిక్ష ఏపీసీకి (జిల్లాలో ఆ పథకం చూసే అధికారికి) రాయండి. నీటి కనెక్షన్, డ్రైనేజీ, ప్రహరీ పక్క చెత్త అయితే కమిషనర్‌కి. రెండూ కలిపి ఒకే అర్జీ ఇస్తే అది అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. విడివిడిగా ఇచ్చి, రెండిటికీ రసీదు నంబరు తీసుకోండి.

తల్లికి వందనం పథకంలో ఒక్కో పిల్లవాడికి 13 వేలు తల్లి ఖాతాలో వేసి 2 వేలు స్కూళ్ల, టాయిలెట్ల నిర్వహణకి మినహాయిస్తున్నారు కదా. 640 మందికీ లెక్కేస్తే 12 లక్షల 80 వేలు. అదంతా నేరుగా మీ స్కూలు ఖాతాలోనే పడుతుందని మాత్రం లెక్క వేసుకోకండి. కానీ తల్లుల పేరు మీద మినహాయించిన డబ్బు కాబట్టి, మన స్కూలుకి ఎంత ఖర్చయిందో ఎస్‌ఎంసీ సమావేశంలో అడిగి మినిట్స్‌లో రాయించే హక్కు మీకుంది.

ఇంకొకటి. గ్రాంటు పీఎఫ్‌ఎంఎస్‌లో (ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థలో) లిమిట్‌గా, అంటే ఇంతవరకు ఖర్చు పెట్టొచ్చనే పరిమితిగా వస్తుంది. మార్చి 31లోపు వాడకపోతే వెనక్కి పోతుంది. విడుదలే ఆలస్యంగా అవుతుంది గనక తీర్మానం, కొటేషన్లు ముందే సిద్ధంగా ఉంచుకోవాలి. లిమిట్ పడ్డాక కొటేషన్ల కోసం పరుగెత్తే స్కూళ్లే డబ్బు పోగొట్టుకుంటాయి.

క్లస్టర్ రిసోర్స్ పర్సన్ (సీఆర్‌పీ):
సార్ చెప్పింది నిజమే, కానీ దానికంటే ముందు ఒక పని ఉంది. ఆ 640 మందీ యూడైస్ ప్లస్‌లో (స్కూళ్ల, పిల్లల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్‌లో) ఉన్నారా? హాజరు పట్టీలో ఉండి యూడైస్‌లో లేని పిల్లవాడు లెక్కలోకి రాడు. ప్రైవేటు నుంచి వచ్చినవాళ్ల దగ్గరే ఇది జరుగుతుంది: పాత స్కూలు ఫీజు బాకీ ఉందని డ్రాప్‌బాక్స్‌లోకి (స్కూలు మారే పిల్లల జాబితాలోకి) వదలదు. పెన్ (విద్యార్థికి ఇచ్చే శాశ్వత గుర్తింపు) నంబరు, పుట్టిన తేదీ ఉంటే మీ హెచ్‌ఎం లాగిన్ నుంచే రిలీజ్ రిక్వెస్ట్ పెట్టొచ్చు. వాళ్లు కదలకపోతే ఎంఈఓ దృష్టికి తీసుకెళ్లాలి. పెన్ దొరకలేదని కొత్త పేరుగా ఎక్కించొద్దు, ఒకే పిల్లవాడు రెండుసార్లు పడి తర్వాత రెండు ఎంట్రీలూ ఆగిపోతాయి.

భవనం వివరాలూ అంతే. పనిచేయని టాయిలెట్లని 'పనిచేస్తున్నవి' కింద రాస్తే రిపేరు అవసరం కనపడదు. చాలా స్కూళ్లలో నిరుటి అంకెలనే మళ్లీ దించేస్తున్నారు. ఈసారి డేటా క్యాప్చర్ ఫార్మాట్ (యూడైస్‌కి వివరాలు నింపే ఫారం) మీద సంతకానికి ముందు ఎస్‌ఎంసీ సభ్యులు ఇద్దరు గదులు, కుళాయిలు తిరిగి లెక్కపెట్టండి.

సైట్ ఇంజినీర్:
నీళ్ల గురించి. డే స్కూల్‌కి మనిషికి 45 లీటర్లు ప్రమాణం, మీకు రోజుకి 28,800 లీటర్లు కావాలి. అరంగుళం కనెక్షన్‌లో నిమిషానికి 15 లీటర్లు వచ్చినా గంటకి 900 లీటర్లే. పొద్దున గంట మాత్రమే సరఫరా ఉంటే ట్యాంకు ఎంత పెద్దదైనా నిండదు. కాబట్టి ఇంకో ట్యాంకు అడక్కండి. పెద్ద కనెక్షను, కనీసం పదివేల లీటర్ల సంపు, ఫ్లోట్ స్విచ్ (నీటి మట్టాన్ని బట్టి దానంతటదే ఆన్, ఆఫ్ అయ్యేది) ఉన్న మోటారు అడగండి. కుళాయిలు ప్లాస్టిక్‌వి పెడితే మెడ దగ్గర విరిగిపోతాయి. ఇత్తడివి, క్వార్టర్ టర్న్‌వి వేయించండి, ప్రతి వరుసకీ ఒక యాంగిల్ వాల్వ్ ఉంటే ఒకటి చెడినా మిగతావి నడుస్తాయి.

కరెంటు: పాత ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటు తీసుకునే బీఎల్‌డీసీ ఫ్యాను 30. నలభై ఫ్యాన్లు మారిస్తే రోజుకి ఏడు గంటలు, 220 రోజులకి దాదాపు 2,770 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ ఎనిమిది రూపాయలనుకుంటే 22 వేలు. దాతలని ఫ్యాన్లు అడగడం మేలు, డబ్బు అడిగితే వెనకాడతారు.

ఆగిన పిల్లర్లని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పైకి తేలిన ఊచలకి సిమెంటు పాలు పూయించి, కొనలు కప్పించండి. మళ్లీ పని మొదలయ్యాక తుప్పు వైర్ బ్రష్‌తో గీకించి, ఊచ సన్నబడిందేమో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) కొలిచాకే కాంక్రీటు. పిల్లలు అటు వెళ్లకుండా ఈలోపు కంచె వేయించండి.

ఎస్‌ఎంసీ మెంబర్:
చాలా థాంక్స్ అండి. ఎంపీ నిధులు అడగొచ్చా? ఎప్పుడు?

రిటైర్డ్ హెచ్‌ఎం:
అడగొచ్చు. ఎంపీ సిఫారసు చేస్తారు, మంజూరు కలెక్టర్ కార్యాలయానిది. సంపు లాంటి శాశ్వత నిర్మాణమైతే సులువు, ఆయా జీతం, ఫినాయిల్ లాంటివి అందులో రావు. లేఖతో పాటు ఏఈ అంచనా, భవనం మున్సిపాలిటీది కాబట్టి కమిషనర్ నో అబ్జెక్షన్, ఎస్‌ఎంసీ తీర్మానం ఉండాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం మూడేళ్ల స్కూలు అభివృద్ధి ప్రణాళిక ఎలాగూ రాయాలి. డిసెంబరులోపు రాసేస్తే జిల్లా ప్రణాళికకి అందుతుంది. తరగతివారీ పిల్లల అంచనా, కావాల్సిన గదులు, టీచర్లు, ఏడాదివారీ ఖర్చు అందులో ఉండాలి. ఎంపీకైనా, కంపెనీ సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత నిధులు) వాళ్లకైనా అదే కాగితం జత చేయండి.